92 మంది పిల్లలకు పొలం చూపించాలంటే ఇంత ఒప్పందం అవసరమా?

నాలుగో_తరగతి_అమ్మ

డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఒక శివారు పట్టణంలో మా పాప ప్రభుత్వ ఎలిమెంటరీ స్కూలులో నాలుగో తరగతి చదువుతోంది. నాలుగు సెక్షన్లూ కలిపి 92 మంది పిల్లలను ఏప్రిల్‌లో దగ్గరలోని ఒక పొలానికి ఫీల్డ్ ట్రిప్‌కు తీసుకెళ్లాలని టీచర్లు నిర్ణయించారు. నేల పొరలు, నీటి పారుదల, విత్తనం నుంచి పంట వరకు సాగే దశలు అన్నీ పిల్లలు చేత్తో ముట్టుకుని నేర్చుకునేలా ఆ పొలం వాళ్లు కార్యక్రమం నడుపుతారు. తలకు 14 డాలర్ల చొప్పున మొత్తం 1,288 డాలర్లు అవుతుంది. పొలం యజమానురాలు తేదీ ఖాయం చేసి, రెండు పేజీల ఒప్పంద పత్రంతో పాటు పావు వంతు డిపాజిట్ కోసం 322 డాలర్లకు ఇన్వాయిస్ కూడా పంపారు.

అప్పటి నుంచి ఆ కాగితం ప్రిన్సిపాల్ దగ్గర నుంచి స్కూల్ డిస్ట్రిక్ట్ (ఇక్కడి ప్రభుత్వ స్కూళ్లను నడిపే సంస్థ) పర్చేజింగ్ అనే కొనుగోళ్ల విభాగానికి, అక్కడి నుంచి ప్రమాదాలు, ఇన్సూరెన్స్ చూసే రిస్క్ మేనేజ్‌మెంట్‌కు, ఆ తరువాత డిస్ట్రిక్ట్ లాయరుకు తిరుగుతూనే ఉంది. డిపాజిట్ అందకపోతే ఆ తేదీని మరో స్కూలుకు ఇచ్చేస్తానని యజమానురాలు అంటున్నారు. ప్రిన్సిపాల్ సంతకం ఎందుకు సరిపోదు? నేను పీటీఏ (తల్లిదండ్రులు, టీచర్ల సంఘం) కార్యవర్గంలో ఉన్నాను కాబట్టి మేమే సంతకం చేసి డిపాజిట్ కట్టేస్తే తప్పేమిటి? లోపలి సంగతులు తెలిసినవారు ఎవరైనా ఉంటే చెప్పగలరు.

తెనాలి_టు_టెక్సస్

సంతకం అయ్యేసరికి పిల్లలు ఐదో తరగతికి వెళ్లిపోతారు. అప్పుడు ఆ పాఠం వాళ్ల సిలబస్‌లో లేదు కాబట్టి కొత్త దరఖాస్తు పెట్టమంటారు.

కొనుగోళ్ల_గుమస్తా

నేను టెక్సస్‌లోనే మరో డిస్ట్రిక్ట్ పర్చేజింగ్ విభాగంలో పనిచేస్తున్నాను. మీ డిస్ట్రిక్ట్ సంగతి నాకు తెలియదు గాని, కాగితం ఎక్కడెక్కడ ఆగుతుందో చెప్పగలను.

మొదటిది సంతకం. ఒప్పందంలో పక్షం స్కూలు కాదు, డిస్ట్రిక్ట్. ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే ఎన్నికైన ట్రస్టీల బోర్డు ఉన్న ప్రభుత్వ సంస్థ కాబట్టి ఒప్పందం చేసుకునే అధికారం ఆ బోర్డుది. బోర్డు తన పాలసీ ద్వారా కొంత మొత్తం వరకు సూపరింటెండెంట్‌కు, ఆయన ద్వారా ఒకరిద్దరు అధికారులకు ఆ అధికారం అప్పగిస్తుంది. ప్రిన్సిపాల్ ఆ జాబితాలో సాధారణంగా ఉండరు. అధికారం లేనివారు సంతకం చేస్తే, రేపు పేచీ వచ్చినప్పుడు ఒప్పందం డిస్ట్రిక్ట్‌ను కట్టిపడేయదు, సంతకం చేసిన మనిషి మాత్రం ఇరుకున పడతారు.

రెండోది డబ్బు. 1,288 డాలర్లకు టెండర్లు పిలవరు, ఆ భయం అక్కర్లేదు. పన్నెండు నెలల్లో ఒక రకం కొనుగోళ్ల మొత్తం 50,000 డాలర్లకు చేరితే పోటీ పద్ధతి పాటించాలని ఎడ్యుకేషన్ కోడ్ 44.031 చాలా ఏళ్లు చెబుతూ వచ్చింది, 2025లో ఆ పరిమితిని లక్ష డాలర్లకు పెంచారు. మీ ట్రిప్ దాని దరిదాపుల్లో కూడా లేదు. అయితే ఆ పొలం డిస్ట్రిక్ట్ పుస్తకాల్లో వెండరుగా నమోదు కావాలి, పన్ను వివరాల కోసం డబ్ల్యూ-9 ఇవ్వాలి, ఆ తరువాతే పర్చేజ్ ఆర్డర్, అంటే డిస్ట్రిక్ట్ ఇచ్చే అధికారిక కొనుగోలు పత్రం, వెలువడుతుంది.

లాయరు దగ్గర ఆగిందంటే మాత్రం మొత్తం వల్ల ఆగలేదు, ఏదో ఒక క్లాజు వల్ల ఆగింది. పరిహారానికి సంబంధించిన పేరా ఏమైనా ఉంటే ఇక్కడ రాయండి.

నాలుగో_తరగతి_అమ్మ

ఉంది, ఐదో పేరా. దాని సారాంశం ఇది: సందర్శనకు వచ్చే సంస్థ తన విద్యార్థుల వల్ల, సిబ్బంది వల్ల, అతిథుల వల్ల కలిగే నష్టాలకు, అలాగే వారికి కలిగే సమస్త నష్టాలకు, పొలం యాజమాన్యపు నిర్లక్ష్యం వల్ల కలిగినవాటితో సహా, పూర్తి బాధ్యత వహించి, లాయర్ల ఖర్చులతో సహా యాజమాన్యానికి పరిహారం చెల్లించవలెను.

కొనుగోళ్ల_గుమస్తా

అదే. ఆ ఒక్క పేరా లేకపోతే మీ కాగితం ఎప్పుడో వెనక్కి వచ్చేది.

ప్రభుత్వ సంస్థల మీద నష్టపరిహార దావాలు ఎప్పుడు వేయవచ్చో చెప్పే టెక్సస్ టోర్ట్ క్లెయిమ్స్ చట్టం 101.051 ప్రకారం స్కూల్ డిస్ట్రిక్ట్‌ల మీద ఆ చట్టం మోటారు వాహనాలకు సంబంధించినంత వరకే వర్తిస్తుంది. అంటే డిస్ట్రిక్ట్ బస్సు నడపడంలో నిర్లక్ష్యం జరిగితే ఆ చట్టం కింద బాధ్యత వస్తుంది గాని, పొలంలో పిల్లవాడు జారిపడితే రాదు. ఇప్పుడు మీ ఐదో పేరా మీద సంతకం చేస్తే, చట్టం తన మీద పెట్టని బాధ్యతను డిస్ట్రిక్ట్ తానే కోరి నెత్తిన పెట్టుకున్నట్టవుతుంది, అదీ యాజమాన్యం చేసిన తప్పుకు. రాష్ట్ర రాజ్యాంగం మూడో అధికరణం 52వ సెక్షన్ ప్రజాధనాన్ని ప్రైవేటు పక్షాలకు ధారాదత్తం చేయకూడదంటుంది. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూసిన ఏ లాయరూ సంతకం పెట్టమని చెప్పరు.

కాంట్రాక్టు_కృష్ణ

నేను ఐటీ కంపెనీలో ఒప్పందాలు చూసే పనిలో ఉన్నాను. గుమస్తా గారు చెప్పిన కారణం సబబే, దానికి పట్టిన కాలం మాత్రం సబబు కాదు. ఇలాంటి క్లాజు ప్రతి చిన్న స్థలం పంపే పత్రంలోనూ ఉంటుందని వాళ్లకు తెలుసు. ఎవరి నిర్లక్ష్యానికి వారే బాధ్యులని చెప్పే ఒక పేజీ అనుబంధాన్ని ముందే తయారుచేసి, ఏ ఒప్పందం వచ్చినా దానికి జతచేసి పంపితే లాయరు మళ్లీ మొదటి నుంచి చదవాల్సిన అవసరం ఉండదు. మేము వెండర్లతో రోజూ చేసేది అదే.

కొనుగోళ్ల_గుమస్తా

మా దగ్గర అలాంటి అనుబంధం ఉంది. రెండు పత్రాలకూ వైరుధ్యం వస్తే అనుబంధమే చెల్లుతుందని దాని మొదటి వాక్యం. పెద్ద మ్యూజియంలు, జూలు దాన్ని చూసిన రోజే సంతకం చేసి పంపుతాయి, ఎందుకంటే వాళ్లకు ఇలాంటివి వందల డిస్ట్రిక్ట్‌ల నుంచి వస్తాయి. చిన్న యజమానులు మాత్రం భయపడతారు. వాళ్ల ఇన్సూరెన్స్ ఏజెంటు ఇచ్చిన నమూనాను మార్చితే పాలసీ చెల్లకుండా పోతుందేమోనని ఏజెంటును అడుగుతారు, ఆ ఏజెంటు కంపెనీని అడుగుతాడు, ఈలోగా మాకు చెడ్డపేరు వస్తుంది.

మ్యూజియం_మాస్టారు

నేను బల్లకు అవతలి వైపున కూర్చునే మనిషిని. ఒక సైన్స్ మ్యూజియం విద్యావిభాగంలో స్కూళ్ల బుకింగులు చూస్తాను. డిపాజిట్ ఎందుకు అడుగుతారో ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతాను.

స్కూళ్లన్నీ ఏప్రిల్, మే నెలల్లోనే రావాలనుకుంటాయి, పరీక్షల తేదీలను బట్టి అందులోనూ మంగళ, బుధ, గురువారాలే కావాలంటాయి. ఆ కొద్ది రోజులకు పార్ట్‌టైం బోధకులను ముందే మాట్లాడి పెట్టుకుంటాం. 92 మంది వస్తారంటే పిల్లలను నాలుగు గుంపులు చేసి, నాలుగు చోట్ల నలుగురు మనుషులను నిలబెట్టాలి. ముందు రోజు సాయంత్రం ఫోన్ చేసి బస్సు దొరకలేదు, రావడం లేదు అంటే ఆ నలుగురి జీతం మాకు తప్పదు, ఆ తేదీ కోసం అడిగి వెనుదిరిగిన స్కూలు మళ్లీ రాదు. కల్యాణ మండపం వాళ్లు అడ్వాన్సు లేకుండా ముహూర్తం రోజు ఎవరికీ అట్టిపెట్టరు కదా.

మా వంటి పెద్ద సంస్థలు డిపాజిట్ వదులుకుని పర్చేజ్ ఆర్డర్ కాగితాన్నే హామీగా తీసుకోగలవు. పొలం నడిపే కుటుంబానికి ఆ వెసులుబాటు ఉండదు.

పసుపు_బస్సు

బస్సు మాట వచ్చింది కాబట్టి నేనూ ఒక మాట చెప్పాలి. మా డిస్ట్రిక్ట్ రవాణా విభాగంలో ట్రిప్పుల షెడ్యూలు వేస్తాను. ఉదయం హైస్కూలు, మిడిల్ స్కూలు, ఎలిమెంటరీ వరుసగా దింపిన తరువాత, మధ్యాహ్నం మళ్లీ ఎక్కించుకోవడానికి వెళ్లేలోగా దొరికే ఖాళీలోనే ఫీల్డ్ ట్రిప్పులు. మా దగ్గర అది తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంటన్నర వరకు. ఒప్పందంలో కార్యక్రమం పది నుంచి రెండు వరకు అని రాసి ఉంటే ఆ డబ్బులో చివరి గంట వృథా. నాలుగో తరగతి అమ్మగారూ, మీ పత్రంలో సమయాలు ఒకసారి చూసుకోండి.

నాలుగో_తరగతి_అమ్మ

పది నుంచి ఒకటిన్నర అని ఉంది. పొలం నుంచి స్కూలుకు నలభై నిమిషాల ప్రయాణం.

పసుపు_బస్సు

అయితే పన్నెండు ముప్పావుకు పిల్లలు బస్సులో కూర్చుని ఉండాలి. సంతకానికి ముందే ఆ వాక్యం మార్పించండి. ప్రైవేటు చార్టర్ బస్సు తీసుకుంటే సమయం మీ చేతిలో ఉంటుంది గాని, అది మరో ఒప్పందం, మరో ఇన్సూరెన్స్ పరిశీలన. రాష్ట్రాల సరిహద్దు దాటి నడిచే పదహారు, అంతకు మించిన సీట్ల బస్సులకు సమాఖ్య నిబంధనల ప్రకారం 50 లక్షల డాలర్ల కవరేజీ ఉండాలి, చాలా డిస్ట్రిక్ట్‌లు రాష్ట్రం లోపలి ప్రయాణాలకు కూడా అదే అడుగుతాయి.

జెర్సీవాణి

పీటీఏ సంతకం గురించి అడిగిన ప్రశ్నకు ఇంకా ఎవరూ సమాధానం చెప్పలేదు. నేను మా స్కూలు పీటీఏకు కోశాధికారిగా పనిచేశాను కాబట్టి చెబుతున్నాను, ఆ పని చేయకండి.

పీటీఏ డిస్ట్రిక్ట్‌లో భాగం కాదు, అది వేరుగా నమోదైన లాభాపేక్ష లేని సంస్థ. డిస్ట్రిక్ట్ లాయరు వద్దన్న ఐదో పేరా మీద మీరు సంతకం చేస్తే, డిస్ట్రిక్ట్‌కు ఉన్న చట్టరక్షణ లేని, బ్యాంకులో కేక్ అమ్మకాల డబ్బు మాత్రమే ఉన్న సంస్థ ఆ భారాన్ని మోస్తుంది. పైగా బడి వేళల్లో, టీచర్ల పర్యవేక్షణలో వెళ్తున్న పిల్లలకు పీటీఏ ఏ హోదాలో హామీ ఇస్తుంది? పీటీఏ ఇన్సూరెన్స్ పాలసీలు కూడా ఇలాంటి హామీల విషయంలో ముందుగా తమను అడగమనే చెబుతాయి. మీరు చేయగలిగింది డబ్బును స్కూలుకు విరాళంగా ఇవ్వడం. ఆ డబ్బుతో పర్చేజ్ ఆర్డర్ డిస్ట్రిక్ట్ పేరుతోనే వెళ్లాలి.

తెనాలి_టు_టెక్సస్

కేక్ అమ్మకాల డబ్బును తక్కువ అంచనా వేయకండి. మా స్కూలులో గులాబ్ జామూన్ల స్టాలు పెట్టినప్పుడు డిస్ట్రిక్ట్ బడ్జెట్ కంటే మాకే ఎక్కువ మిగిలిందని అందరూ నమ్ముతారు.

బే_ఏరియా_టీచరమ్మ

కాలిఫోర్నియాలో ఐదో తరగతి చెబుతాను. మా దగ్గర సంతకం కథ ఇంకో రకంగా ఉంటుంది. ఎడ్యుకేషన్ కోడ్ 17604 ప్రకారం బోర్డు ఆమోదించేదాకా లేదా తరువాత ధ్రువీకరించేదాకా ఏ ఒప్పందమూ డిస్ట్రిక్ట్‌ను కట్టిపడేయదు. అందుకని అధికారి ముందు సంతకం చేస్తారు, నెలాఖరు బోర్డు సమావేశంలో కాపీ యంత్రాల అద్దె, కాలువ మరమ్మతు, ఆక్వేరియం ట్రిప్ అన్నీ ఒకే జాబితాలో, చర్చ లేకుండా, ఒక్క ఓటుతో ఆమోదం పొందుతాయి. మీ డిస్ట్రిక్ట్ బోర్డు అజెండాలు వెబ్‌సైట్‌లో ఉంటాయి, తీసి చూడండి. ఏ స్కూలు ఏ స్థలానికి ఎంత చెల్లిస్తోందో తెలుస్తుంది, మీ పక్క స్కూలు ఇదే పొలానికి ఇదివరకే వెళ్లి ఉంటే ఆ పాత ఒప్పందాన్ని చూపి మీ కాగితాన్ని కదిలించవచ్చు.

ఇంకో తేడా కూడా ఉంది. ఫీల్డ్ ట్రిప్‌కు వెళ్లిన వారందరూ గాయాలకు, ప్రమాదాలకు సంబంధించి డిస్ట్రిక్ట్ మీద, రాష్ట్రం మీద దావా హక్కును వదులుకున్నట్టుగా భావించాలని అదే కోడ్‌లోని 35330 సెక్షన్ చెబుతుంది. ఆ రక్షణ డిస్ట్రిక్ట్‌కే గాని వెళ్లిన స్థలానికి లేదు. అందుకే ఆ స్థలం వాళ్లు తమ సొంత వేవర్ (దావా హక్కు వదులుకునే) కాగితాలను తల్లిదండ్రుల చేత విడిగా సంతకం చేయిస్తారు. మా తరగతిలో ఒకే ట్రిప్‌కు రెండు రంగుల కాగితాలు ఇంటికి పంపితే, ఒకటి తిరిగి వస్తుంది, రెండోది బ్యాగు అడుగున అరటిపండు కింద దొరుకుతుంది.

జెర్సీవాణి

మా రాష్ట్రంలో ఆ రెండో కాగితానికి పెద్ద విలువ లేదు. వాణిజ్యపరంగా నడిచే ఒక స్కేట్ పార్కు కేసులో న్యూజెర్సీ సుప్రీంకోర్టు 2006లో, బిడ్డ తరఫున తల్లిదండ్రులు ముందే రాసిచ్చే వేవర్ చెల్లదని తీర్పు చెప్పింది. అయితే వివాదాన్ని కోర్టుకు కాకుండా ఆర్బిట్రేషన్‌కు, అంటే ప్రైవేటు మధ్యవర్తి తీర్పుకు, పంపాలన్న షరతు చెల్లుతుందని అదే తీర్పు చెప్పింది. అందుచేత వేవర్లలో ఆర్బిట్రేషన్ అన్న మాట ఉందో లేదో చూడకుండా ఫోన్‌లో వేలు గీసి సంతకం పెట్టేయడం మంచిది కాదు.

బే_ఏరియా_టీచరమ్మ

మా దగ్గర అందుకు విరుద్ధం. 1990లో శాన్ డియేగో కేసులో, తల్లిదండ్రి పిల్లల తరఫున రాసిచ్చిన విడుదల పత్రం చెల్లుతుందని అప్పీలు కోర్టు అన్నది. అసలు సంఘటన ఏమిటంటే, హైస్కూలులో పేరెంట్-టీచర్ సంఘం విరాళాల కోసం పెట్టించిన హిప్నాటిజం ప్రదర్శనలో ఒక విద్యార్థిని గాయపడింది. పీటీఏలు ఎలాంటి ఒప్పందాలలోకి దిగగలవో దీన్ని బట్టి ఊహించుకోండి.

గోదారిగట్టు

నాకు ఈ చర్చంతా అతిగా కనిపిస్తోంది. మేము చదువుకునే రోజుల్లో హెడ్‌మాస్టారు గారు డిపో మేనేజరుతో మాట్లాడి ఆర్టీసీ బస్సు తెప్పించి, మమ్మల్ని నాగార్జునసాగర్ తీసుకెళ్లారు. ఒక్క సంతకం లేదు. పులిహోర పొట్లాలు, నీళ్ల బిందె, ఇద్దరు మాస్టార్లు, అంతే. ఎవరికీ ఏమీ కాలేదు.

ఓరుగల్లు_వాసి

ఏమీ కానంత కాలం ఎవరికీ ఏ కాగితమూ అక్కర్లేదు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలోకి దిగిన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, లార్జి జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. తప్పు గేట్లు ఎత్తినవారిదా, నది ఒడ్డున హెచ్చరిక బోర్డులు పెట్టనివారిదా, పిల్లలను తీసుకెళ్లిన కళాశాలదా అన్న వాదన కోర్టుకు చేరింది. 2016లో హిమాచల్ హైకోర్టు ఒక్కో కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం చెల్లించమని, దాన్ని విద్యుత్ బోర్డు, కళాశాల, రాష్ట్ర ప్రభుత్వం పంచుకోవాలని ఆదేశించింది. ఏ స్థలంలో ఎవరి జాగ్రత్త ఎంతవరకు అన్నది బయలుదేరక ముందే ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించాలి గోదారిగట్టు గారూ. ఒప్పందం వల్ల ప్రమాదం ఆగిపోతుందని నేను అనను. అక్కడికి వెళ్తే నీళ్లలోకి దిగుతారా లేదా అన్న ప్రశ్నను అది ఎవరి చేతనైనా అడిగిస్తుంది.

గోదారిగట్టు

ఆ మాట ఒప్పుకుంటాను. కానీ అక్కడ లోపించింది హెచ్చరిక, ఇక్కడ ఎక్కువైంది హెచ్చరిక. ఐదో పేరా రాసిన లాయరు ఆ పొలంలో బావి ఎక్కడుందో అడిగి ఉంటారా?

కొనుగోళ్ల_గుమస్తా

లాయరు అడగరు, రిస్క్ మేనేజ్‌మెంట్ వాళ్లు అడుగుతారు. చెరువు ఉందా, గుర్రాలు ఉన్నాయా, ట్రాక్టరు మీద గడ్డి బండి ఎక్కిస్తారా అని మా దగ్గర ఒక పేజీ ప్రశ్నావళి ఉంది. బండి ఎక్కించనంటే సగం కాగితం అక్కడే తగ్గిపోతుంది.

తెనాలి_టు_టెక్సస్

ట్రాక్టరు బండి లేకుండా పిల్లలు ఆ పొలాన్ని గుర్తుపెట్టుకోరు.

కాంట్రాక్టు_కృష్ణ

టెక్సస్ వాళ్లు ఇంకో సంగతి మరిచిపోతున్నారు. 2015లో వచ్చిన అగ్రిటూరిజం (పొలాల సందర్శన) చట్టం, అంటే సివిల్ ప్రాక్టీస్ అండ్ రెమెడీస్ కోడ్ 75ఏ అధ్యాయం, పొలాల యజమానులకు ఇప్పటికే రక్షణ ఇస్తుంది. చట్టం చెప్పిన వాక్యంతో గేటు దగ్గర హెచ్చరిక బోర్డు పెట్టినా సరే, సందర్శకుల చేత రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకున్నా సరే. యజమాని పచ్చి నిర్లక్ష్యానికి, ముందే తెలిసిన ప్రమాదకర పరిస్థితికి అది వర్తించదు. కాబట్టి ఆ బోర్డు ఉంటే యజమానురాలికి ఐదో పేరా వల్ల అదనంగా వచ్చేది చాలా తక్కువ, 92 ఇళ్లకు వేవర్లు పంపాల్సిన పని కూడా ఉండకపోవచ్చు. ఈ మాట ఆవిడ ఏజెంటు చేత చెప్పిస్తే త్వరగా తేలుతుంది.

నాలుగో_తరగతి_అమ్మ

గేటు పక్కన నల్ల అక్షరాల బోర్డు ఒకటి చూశాను, కుక్కలను తీసుకురాకూడదన్న బోర్డుకు పైన ఉంది. ఇదే అయి ఉంటుంది. యజమానురాలితో మాట్లాడతాను.

డబ్బు గురించి ఇంకో సందేహం. తలకు 14 డాలర్లు తల్లిదండ్రుల నుంచి వసూలు చేయమని టీచరు అన్నారు. కట్టలేని కుటుంబాలు కొన్ని ఉన్నాయి.

బే_ఏరియా_టీచరమ్మ

మా రాష్ట్రంలో రుసుము అన్న మాటే వాడకూడదు. బడి కార్యక్రమాలకు రుసుము కూడదని 1984లో మా సుప్రీంకోర్టు చెప్పింది, 2012లో దాన్ని చట్టంగా మరింత బిగించారు. ఉత్తరంలో విరాళం అని రాస్తాం, ఇవ్వకపోయినా మీ బిడ్డ వస్తుందని అదే పేరాలో రాస్తాం. డబ్బు లేని కారణంగా ఏ విద్యార్థినీ ట్రిప్‌కు దూరం చేయకూడదని 35330లోనే ఉంది. ఫలితంగా, విరాళాలు చాలకపోతే మొత్తం ట్రిప్పే రద్దవుతుంది, అందుకని ఒప్పందంలో రద్దు గడువును విరాళాల చివరి తేదీ తరువాత పెట్టించుకుంటాం.

జెర్సీవాణి

న్యూజెర్సీ చట్టం 18ఏ:36-21 తల్లిదండ్రుల నుంచి ఖర్చు తీసుకోవడానికి బోర్డులకు అనుమతిస్తుంది, కానీ ఆర్థిక ఇబ్బంది ఉన్న పిల్లలకు, స్పెషల్ ఎడ్యుకేషన్ తరగతుల పిల్లలకు మినహాయింపు ఇస్తుంది.

కొనుగోళ్ల_గుమస్తా

టెక్సస్‌లో కోర్సులో భాగంగా తప్పనిసరి చేసిన ఫీల్డ్ ట్రిప్‌కు రుసుము వసూలు చేయకూడదని ఎడ్యుకేషన్ కోడ్ 11.158 చెబుతుంది. మీ ట్రిప్‌కు గ్రేడు పెడతారా, రాని పిల్లలకు ఏం చేస్తారు అని టీచరును అడగండి. జవాబును బట్టి డబ్బు ఎక్కడి నుంచి రావాలో తేలుతుంది.

మ్యూజియం_మాస్టారు

డబ్బు చర్చలో ఒక ఉదాహరణ చెప్పకుండా ఉండలేను. ఆర్కన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్‌లో క్రిస్టల్ బ్రిడ్జెస్ అనే కళా మ్యూజియం 2011లో తెరిచారు. స్కూళ్లకు ప్రవేశం ఉచితం కావడమే కాదు, బస్సు ఖర్చు, పిల్లల భోజనం, టీచర్లకు బదులుగా తరగతి చూసే సబ్‌స్టిట్యూట్ జీతం కూడా మ్యూజియం నిధి నుంచే ఇచ్చారు. మొదటి రెండు సెమిస్టర్లలోనే 525 గుంపులు, 38,000 పైచిలుకు విద్యార్థుల కోసం దరఖాస్తు పెట్టుకున్నాయి. అందరికీ చోటు లేక లాటరీ తీశారు. ఆ లాటరీ వల్లే వెళ్లినవారికీ వెళ్లనివారికీ తేడాను పరిశోధకులు శాస్త్రీయంగా కొలవగలిగారు, దాదాపు 11,000 మంది విద్యార్థుల మీద చేసిన ఆ అధ్యయనంలో పల్లెల నుంచి వచ్చిన పిల్లలకే ఎక్కువ మేలు జరిగిందని తేలింది. స్కూళ్లను ఆపుతున్నది టిక్కెట్టు ధర ఒక్కటే కాదని ఆ మ్యూజియం గ్రహించింది. ఒప్పందంలో టిక్కెట్టు కనిపిస్తుంది, సబ్‌స్టిట్యూట్ జీతం కనిపించదు.

తెనాలి_టు_టెక్సస్

బాగుంది, కానీ దాతల నిధి ఉన్న మ్యూజియం ఎక్కడ, గుమ్మడికాయలు అమ్ముకునే పొలం ఎక్కడ. ఇన్నాళ్లుగా నేను గమనిస్తున్నది చెబుతాను. మా అబ్బాయి ఎలిమెంటరీ చదువు పూర్తయ్యేసరికి ఒకే సైన్స్ మ్యూజియాన్ని మళ్లీ మళ్లీ చూశాడు. కారణం అది గొప్పదని కాదు, దాని కాగితాలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయని. ఊరి దగ్గర ఒక కుమ్మరి స్టూడియో ఉంది, తేనెటీగలు పెంచే పెద్దాయన ఉన్నారు. వాళ్ల దగ్గరకు ఏ స్కూలూ వెళ్లదు. తేనెటీగల పెద్దాయన వెండర్ ఫారంలో వెబ్‌సైట్ అన్న గడిలో "రోడ్డు పక్కన బోర్డు" అని రాశారట. మన పిల్లలు ఏం చూడాలో టీచరు కాకుండా ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ నిర్ణయిస్తోంది.

జెర్సీవాణి

తేనెటీగల దగ్గరకు వెళ్లకపోవడానికి ఇన్సూరెన్స్ ఒక్కటే కారణం కాకపోవచ్చు. మా బాబుకు అలర్జీ ఉంది, వాడి ఎపిపెన్ (అలర్జీ ముదిరితే వెంటనే ఇచ్చే ఇంజెక్షన్) టీచరు సంచిలో ఉంటుందా, నర్సు వెంట వస్తుందా అన్నది నాకు మీ కుమ్మరి స్టూడియో కంటే ముఖ్యం. ఒక్కో సంఘటనకు పది లక్షల డాలర్ల కవరేజీ చూపించలేని చోటికి నా బిడ్డను పంపను.

కాంట్రాక్టు_కృష్ణ

ఎపిపెన్ డిస్ట్రిక్ట్ బాధ్యత, స్థలం ఇన్సూరెన్స్‌తో దానికి సంబంధం లేదు. ఆరోగ్య అవసరాలున్న పిల్లలకు బడిలో దొరికే సౌకర్యం ట్రిప్‌లో కూడా దొరకాలని 1973 నాటి రిహాబిలిటేషన్ చట్టం 504 సెక్షన్ కిందే అడగవచ్చు, స్థలం ఏదైనా సరే.

జెర్సీవాణి

అడగవచ్చు. ఇచ్చారా లేదా అన్నది ట్రిప్ రోజు ఉదయం బస్సు దగ్గర తెలుస్తుంది.

కొనుగోళ్ల_గుమస్తా

తెనాలి గారి ఫిర్యాదులో నిజం ఉంది. మేము అడిగే సర్టిఫికెట్‌లో సంఘటనకు పది లక్షలు, ఏడాదికి ఇరవై లక్షల డాలర్లు అన్నది మామూలు. ఆ బీమా రక్షణ డిస్ట్రిక్ట్‌కు కూడా వర్తించేలా దాని మీద డిస్ట్రిక్ట్ పేరును చేర్చమంటాం. ఏడాదికి ఒకటి రెండు స్కూళ్లు వచ్చే చోట ఆ ప్రీమియం గిట్టదు. మా ఆఫీసులో దీనికి కనిపించిన దారి ఒకటే, చిన్నవాళ్లతో ఒక్కో ట్రిప్‌కు ఒప్పందం కాకుండా విద్యా సంవత్సరానికి ఒకటే ఒప్పందం రాసుకోవడం. ఏ స్కూలు వెళ్లాలన్నా తేదీ, తలల లెక్క, ధర ఉన్న ఒక్క పేజీ జతచేస్తే సరిపోతుంది. అప్పుడు ఆ పొలానికి ఒక స్కూలు బదులు ఆరు స్కూళ్లు వస్తాయి, ప్రీమియం కూడా గిడుతుంది. కాకపోతే ఎవరో ఒక టీచరు మొదటిసారి పట్టుబట్టాలి.

మ్యూజియం_మాస్టారు

మరో సలహా. డిపాజిట్‌కు బదులు కనీస సంఖ్య హామీ ఇవ్వండి. 92 మందిని అనుకుని 80 మందికి తగ్గకుండా చెల్లిస్తామని పర్చేజ్ ఆర్డర్ మీద రాస్తే, చాలామంది యజమానులు ముందస్తు డబ్బు పట్టుపట్టరు. ట్రిప్ అయ్యాక డబ్బు ఎప్పుడు వస్తుందో కూడా స్పష్టంగా చెప్పండి.

కొనుగోళ్ల_గుమస్తా

ఇన్వాయిస్ అందిన 30 రోజుల్లో చెల్లించాలని, బోర్డు నెలకు ఒకసారి మాత్రమే సమావేశమయ్యే చోట 45 రోజులని గవర్నమెంట్ కోడ్ 2251 అధ్యాయంలో ఉంది, ఆలస్యమైతే వడ్డీ కూడా వస్తుంది. ఈ మాట చెబితే పొలం వాళ్లకు ధైర్యం వస్తుంది.

నాలుగో_తరగతి_అమ్మ

అందరికీ కబురు చెప్పాలి. ప్రిన్సిపాల్ గారు, యజమానురాలు, డిస్ట్రిక్ట్ కొనుగోళ్ల ఉద్యోగి ముగ్గురూ ఫోన్‌లో మాట్లాడుకున్నారు. గేటు దగ్గర బోర్డు ఫొటో తీసి యజమానురాలు తన ఏజెంటుకు పంపితే, ఐదో పేరాను ఎవరి నిర్లక్ష్యానికి వారే బాధ్యులనే వాక్యంగా మార్చడానికి ఆయన అభ్యంతరం చెప్పలేదు. డిపాజిట్ తీసేసి 80 మంది కనీస సంఖ్యకు ఒప్పుకున్నారు. గ్రేడు లేదు కాబట్టి ఇది తప్పనిసరి ట్రిప్ కాదని టీచర్లు రాసిచ్చారు, కట్టలేని కుటుంబాల వాటాను పీటీఏ స్కూలుకు విరాళంగా ఇస్తుంది. ట్రాక్టరు బండి మాత్రం పోయింది.

తెనాలి_టు_టెక్సస్

పోయిందా! అదొక్కటి పోకుండా మిగతావన్నీ పోయినా బాగుండేది.

పసుపు_బస్సు

సమయం మార్పించారా?

నాలుగో_తరగతి_అమ్మ

పన్నెండు ముప్పావుకు బయలుదేరాలని రాయించాం. కానీ మొదట అనుకున్న ఏప్రిల్ తేదీకి బస్సులు లేవు, మే రెండో వారంలో బుధవారం దొరికింది. ఎండ ఎక్కువగా ఉంటుందని పిల్లలకు టోపీలు తెచ్చుకోమంటున్నారు.

ఇంకొక్క ప్రశ్న. కొత్త ఇన్వాయిస్‌లో 1,288కి తోడు 8.25 శాతం సేల్స్ టాక్స్ అని 106.26 డాలర్లు వేశారు. ఇది కట్టాలా?

కొనుగోళ్ల_గుమస్తా

కట్టకూడదు. డిస్ట్రిక్ట్‌కు ఆ పన్ను మినహాయింపు ఉంది. ఆ మినహాయింపును చూపే 01-339 ఫారం మీ పర్చేజింగ్ వాళ్లు నిమిషంలో ఇస్తారు, దాన్ని పంపి పన్ను లేని ఇన్వాయిస్ తెప్పించుకోండి. దాని మీద పర్చేజ్ ఆర్డర్ నంబరు, డిస్ట్రిక్ట్ పూర్తి పేరు ఉండేలా చూడండి. స్కూలు పేరు మాత్రమే ఉంటే అకౌంట్స్ వాళ్లు వెనక్కి పంపుతారు.

నాలుగో_తరగతి_అమ్మ

స్కూలు పేరే ఉంది. ఈ రోజే మార్చమని అడుగుతాను.